మంచం కోసిన వానాకాలం

జూన్ 16, 1966. సుల్తానాబాద్.

చివరి రోజు సంగతి ముందు రాసి పెట్టుకోవాలి. ఆలస్యం చేస్తే లేనిది కలుపుతానేమోనని అనుమానం.

జూన్ రెండు, గురువారం. నా భార్య ప్రమోదిని పొద్దున జావ తాగింది. సగం మిగిల్చింది. ఆవకాయ జాడీకి వాసెన గట్టిగా కట్టారా అని అడిగింది. కట్టానన్నాను. కట్టలేదు. లేచి వెళ్లి కట్టి వచ్చాను. మధ్యాహ్నం ఎండ మొహం మీద పడుతోందంటే మంచం జరపబోయాను. ఆ మంచం ఒక్క మనిషికి కదలదు. రెండు ఎడ్లను కట్టండి అని నవ్వింది. కిటికీ తలుపు వేశాను. డాక్టరు వచ్చి పోయాడు. నా చెయ్యి పట్టుకుని నిద్రపోయింది. నిద్రే అనుకున్నాను. రైస్‌మిల్లు సైరను మోగింది. ఆ మోతకు రోజూ మొహం చిట్లించేది. చిట్లించలేదు. అప్పుడు తెలిసింది.

అంతే.

నా చదువంతా ఉర్దూలో సాగింది. ఉస్మానియా బి.ఏ. ఈ మాత్రం తెలుగు రాయడం ఆమె నేర్పిందే. తప్పులు దిద్దేవారు లేరు. అయినా తెలుగులోనే రాస్తాను.

జూన్ 18

చాకలి ఐలవ్వ వచ్చి మంచం అడిగింది.

మనిషి పోయిన మంచం ఇంట్లో ఉంచరు. చాకలికి ఇస్తారు. తరాల నుంచి ఉన్నదే. మా అమ్మ మంచం ఐలవ్వ అత్త తీసుకుపోయింది. నాకు తెలియనిది కాదు. అయినా ఇవ్వనన్నాను. కొత్త మంచం చేయించి ఇస్తానన్నాను.

కొత్తది నాకెందుకు దొరా, కొత్తదాని మీద మీరే పండుకోండ్రి, దొరసానిది నాకు గావాలె అంది. బతికున్నప్పుడే ప్రమోదిని ఆమెతో ఈ మాట మీద నవ్విందట. ఐలవ్వా, నేను పోతే గీ ఏనుగంత మంచం నీ ఇంట్ల ఎట్ల పడతదే, నువ్వు బయట పండుకోవాలె, మంచం లోపల పండుకోవాలె అని.

అన్నదనే నమ్ముతాను. ఆమె మాటలాగే ఉంది.

గడప దిగుతూ ఐలవ్వ ఇంకో మాట అంది. మంచం ఇయ్యకుంటే పోయినామె పోదు దొరా, దాని కోసం ఎనకకు ఎనకకు చూస్తనే ఉంటది.

జూన్ 19

చూస్తే చూడనీ.

జూన్ 25

హుస్నాబాద్ నుంచి రుక్మక్క దిగింది. నా కన్నా పదేళ్లు పెద్దది. నాకు తల్లి లాంటిదని అందరికీ చెబుతుంది. ఆ లెక్కన తిట్లు కూడా తల్లివే.

రాగానే మంచం ఉంచి తాళం వేసిన గది చూసింది. లింగా, గీ మంచం ఇంక ఇంట్లనే ఉన్నదా, నీ చదువుల మన్ను పడ, చాకలిదాని హక్కు తొక్కి పెట్టుకుంటవా అంది. ఇస్తానులే అన్నాను. ఎప్పుడు అంది. అన్నం పెట్టు అన్నాను. మంచం పోయేదాక నేను సుత పోను అంది.

వంట బాగుంది.

జులై 3

బెల్లంపల్లి నుంచి బావమరిది రామేశ్వర్‌రావు వచ్చాడు. గనుల్లో ఇంజనీరు. ఓ చెక్క పెట్టె తెచ్చాడు. తెరిస్తే కరెంటు రంపం. మోటారుకు పిడి. పిడి కింద పళ్ల చక్రం, నా అరచెయ్యి కన్నా కాస్త పెద్దది. చక్రం మీద ఇనుప గార్డు. ఒక చేత్తో ఎత్తవచ్చు. బొంబాయిలో ముచ్చటపడి కొన్నాడట. ఒక్కసారీ వాడలేదట. భార్య పెట్టెను మనుమల చేతిలో పడుతుందని అటక ఎక్కించిందట.

బావా, చేతులు ఖాళీ ఉంచకు, చిన్న చిన్నవి చేసుకో, పీటలు, అరలు గిట్ల అన్నాడు. ఇద్దరం చాలాసేపు ఆ చక్రాన్నే చూశాం.

జులై 5

ప్లగ్గు పెట్టి మీట నొక్కాను. ఇల్లంతా ఫ్యూజు పోయింది. వంటింట్లోంచి అక్క, రాకాసిని తెచ్చి పెట్టిండు నీ బావమరిది అని అరిచింది.

జులై 6

లైను మార్పించి లావు ఫ్యూజు వైరు వేయించాను. ఇప్పుడు తిరుగుతోంది. అయితే రైస్‌మిల్లు నడుస్తుంటే మా వీధికి వోల్టేజి రాదు. రంపం ముసలి ఎద్దులా మూలుగుతుంది. మిల్లు అన్నాల వేళకు ఆగగానే ఒక్కసారి కేకేస్తుంది. కనుక నాకు దక్కేది ఆ గంటే. మిల్లువాళ్లు భోంచేస్తే నాకు పని, నేను భోంచేస్తే వాళ్లకు పని.

జులై 9

ధోవతి కట్టుకుని ఈ చక్రం దగ్గరికి పోకూడదు. నిన్న అంచు గాలికి లేచి దాని వైపు పోయింది. గార్డు ఉండబట్టి బతికాను. పెట్టె అడుగు నుంచి కాలేజీ రోజుల హాకీ నిక్కరు తీశాను. నడుము దగ్గర బొత్తాం పట్టలేదు. తాడు కట్టాను.

అక్క చూసి చెంగు నోట్లో కుక్కుకుంది. దొర ఇంట్ల పుట్టి వడ్లోళ్ల కొయ్యపని సరే, గీ నిక్కరేందిరా, వాకిట్లకు పోకు, గౌరవంగ బతికిన ఇల్లు అంది.

మొదటి పీట తయారైంది. దాని మీద కూర్చుంటే నమాజులో ఉన్నట్టు ముందుకు వంగుతున్నాం. అక్క దాన్ని కోడిగంప మీద బరువు పెట్టింది.

జులై 13

నేర్చుకున్నవి. చక్రం చెక్క కిందికి పన్ను మందం తొంగి చూస్తే చాలు. ఎక్కువ దించితే అంచులు చిట్లుతాయి. చెక్కను రెండు కొసలా ఆనించి నడుమ కోయకూడదు. కోస్తుంటే నడుము కుంగి చక్రాన్ని పట్టేస్తుంది. రంపం గాడిదలా వెనక్కి తన్నుతుంది. తెగి పడే ముక్క గాలిలో వేలాడాలి. చక్రం తిన్న మందం కూడా కొలతలోంచి పోతుంది. గీత మీద కాదు, గీత పక్కన కోయాలి.

తన్నిన చోట తొడ నల్లబడింది. అక్కకు చెప్పలేదు.

జులై 17

రెండో పీట నిటారుగా ఉంది. ఆవకాయ జాడీలకు ఒక అర చేశాను. పప్పుగరిటెలకు చిలక్కొయ్యలు. అక్క వంటింటి తలుపు మీద చెయ్యేసి, గిది కూడ ఒక అంగుళం కోస్తె మూసుకుంటది అంది. కోశాను. మూసుకుంది. రాత్రి రెండు సార్లు నెయ్యి వేసింది.

ఈ వారం నేను ఒకటి రెండు సార్లు నవ్వినట్టున్నాను. రాసుకోవడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

జులై 20

ఐలవ్వ ఉతికిన మూట తెచ్చింది. అందులో ప్రమోదిని చీర ఒకటి. వేసవిలో చాకలికి వేసినది, ఆమె దగ్గరే ఉండిపోయింది. గంజి పెట్టి, అంచులు కలిపి మడిచి తెచ్చింది. నా చేతికి ఇవ్వలేదు. అక్కకూ ఇవ్వలేదు. తాళం వేసిన గది గడప మీద పెట్టి పోయింది.

మంచం ఊసెత్తలేదు. నెల నుంచి రోజూ అడిగిన మనిషి.

జులై 21

ఇవాళా అడగలేదు.

జులై 22

ఐలవ్వను నేనే పిలిచాను. ఆ మంచం నీ ఇంట్లో పట్టదు కదా అన్నాను. పట్టదు, గోడకూ పొయ్యికీ నడుమ జాగ గంతే అంది. చిన్నది చేసి ఇస్తే తీసుకుంటావా అన్నాను. చిన్నగైతే దొరసానిది కాకుంట పోతదా అని, చెరువు దగ్గర తాడు తీసుకోని ఇంట్ల కొలత తెస్తనని పోయింది. బట్టల మూట అక్కడే దింపి వచ్చిందట.

సాయంత్రానికి దండెం తాడు తెచ్చింది. రెండు ముళ్లు వేసి ఉంది. గీ ముడి గోడ, గీ ముడి పొయ్యి అంది. తాడును నా పని మూలలో మేకుకు తగిలించాను.

అక్క వినీ విననట్టు బియ్యం ఏరుతూ కూర్చుంది. ఏరిన బియ్యమే మళ్లీ ఏరింది.

జులై 24

మంచం కోయమని మా వడ్రంగి వడ్ల సాంబయ్యను పిలిచాను. మంచం చుట్టూ తిరిగాడు. పట్టెల మీద చెయ్యి వేశాడు. గిది మా బాపు చేసిండు దొరా, మీ పెండ్లికి, గీ కాళ్లు ఎక్కించినప్పుడు నేను దీపం పట్టిన అన్నాడు. అందుకే నిన్ను పిలిచానన్నాను. అందుకే నేను కొయ్య అన్నాడు. మా బాపు పని మీద నేను రంపం పెట్ట. కోసేది మీరు కోయుండ్రి, అతికేది నేను అతుకుత.

బేరం బాగానే ఉంది. పాపం నాది, పుణ్యం వాడిది.

జులై 28

వాన. కరెంటు లేదు. కోయనందుకు మంచి కారణం దొరికింది.

జులై 30

కరెంటు ఉంది. కారణం లేదు.

పొద్దున సాంబయ్య మేకులు పీకి పట్టెలు విడదీశాడు. మేకుకు ఉన్న తాడు తీసి, ముడి నుంచి ముడికి కొలత పట్టెల మీదికి దించుకున్నాను. మూడు సార్లు సరిచూశాను. చక్రం మందం కలిపాను. గీత గీశాను. నిక్కరు వేసుకున్నాను. మిల్లు ఆగేదాకా ముగ్గురం వసారాలో కూర్చున్నాం. అక్క చేతిలో ఒక చెంబు నీళ్లు. ఎందుకని అడిగితే, నాకేమెరుక, ఊకె పట్టుకున్న అంది.

సైరను మోగింది. మీట నొక్కాను. నాసి చెక్క మీద కేకేసే రంపం ఈ టేకు మీద గొంతు తగ్గించుకుంది. నెమ్మదిగా పోనిచ్చాను. సగం దాకా వచ్చాక వాసన వచ్చింది. ముప్పై రెండేళ్ల చెక్క. పైన నల్లబడి, నూనె జిడ్డు పట్టి, పాలిష్ పోయి ఉంది. లోపల అడవిలో నిన్న కొట్టినట్టు పచ్చిగా ఉంది.

రంపం ఆపాను. మోటారు వేడెక్కిందన్నాను. సాంబయ్య మోటారును తాకి చూసి, అవును దొరా మస్తు వేడున్నది అన్నాడు. అంత వేడేమీ లేదు.

మిగిలింది మిల్లు మొదలయ్యేలోపు కోశాను. వేళ్లు పదీ ఉన్నాయి.

ఆగస్టు 3

సాంబయ్య కోసిన పట్టెల కొసలకు ముక్కు చెక్కి, వాళ్ల బాపు చేసిన కాళ్లలో దిగ్గొట్టాడు. అడ్డపలకలు నేను కోసి పరిచాను. ఎక్కి కూర్చుని చూశాను. కదల్లేదు. అక్క ఎక్కలేదు. పట్టెను మాత్రం పమిటతో తుడిచింది.

మంచి మంచం. కొంచెం పొట్టిది. ఆమె కూడా పొట్టిదే. ఇన్నాళ్లూ ఆమె పాదాల కింద మూరెడు జాగా ఊరికే ఉండేది. ఆ జాగాలో ఆమె ఉతికిన బట్టల మడతలు పెట్టేది.

రేపు ఐలవ్వ వాళ్లు వచ్చి తీసుకుపోతారు.

ఆగస్టు 4

పొద్దున తీసుకుపోయారు. నేను వసారాలోనే ఉన్నాను. వాళ్ల వాడకు పోలేదు. పుట్టి ఇన్నేళ్లయినా వాళ్ల వాడలో అడుగు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

గంటకే ఐలవ్వ మొహం వేలాడేసుకుని వచ్చింది. మంచం పట్టలేదు. రెండు వేళ్లంత ఎక్కువుంది. ఒక కొస గోడకు ఆనిస్తే ఇంకో కొస పొయ్యి ఎక్కుతోంది. నాలుగిండ్ల ఆడోళ్లు ఒచ్చి నవ్వుతున్నరు దొరా, అన్నం మంచం మీద వండుకోవే అంటున్నరు అంది.

నా కొలతలో తప్పు లేదన్నాను. నా తాడుల తప్పు లేదు అంది. ఇద్దరం మేకుకున్న తాడు కేసి చూశాం. ఎండి, వదులుగా వేలాడుతోంది. ఆ రోజు ఆమె ఇచ్చినప్పుడు నా అరచెయ్యి తడి అయింది. చెరువులోంచి తీసిన తాడు అది. తడిసి కుదించుకుని ఉన్నప్పుడు ఆమె కొలిచింది. ఎండి సాగాక నేను కొలిచాను.

నేను ఇంటర్మీడియట్‌లో ఫిజిక్స్ చదివాను. ఆమె ముప్పై ఏళ్లుగా వానకు దండెం బిగుసుకోవడం చూస్తోంది. అయ్యో మన తెలివి మండ అని ఐలవ్వ వాకిట్లో కూలబడి నవ్వింది. లోపలి నుంచి అక్క నవ్వు వినిపించింది. నేనూ నవ్వాను. ఈసారి సిగ్గు వేయలేదు.

నవ్వు అయ్యాక, మంచం వెనక్కి పంపు, రెండు వేళ్లు కోసి ఇస్తానన్నాను.

ఐలవ్వ లేచి నిలబడింది. వద్దు అంది. ఒకసారి కోసిన్రు చాలు. మీరు నడుమ రంపం ఎట్ల ఆపిన్రో సాంబయ్య చెప్పిండు. ఆమెను ఎన్నిసార్లు కోస్తరు? మంచం ఇంక కొయ్యద్దు, గోడనే తవ్వుత. మట్టి గోడనే గద, రెండు వేళ్లు తవ్వితె పట్టె కొస అండ్ల కూసుంటది. మా ఇంటాయన ఊళ్లె లేడు, ఆయన ఒచ్చినంక తవ్విస్త, గప్పటిదాక పొయ్యి బయట పెట్టుకుంట, ఫికర్ చెయ్యకుండ్రి అంది.

వానలో బయట ఎట్లా వండుకుంటావన్నాను. గొడుగు పట్టుకోని అంది.

ఆగస్టు 5

అక్క హుస్నాబాద్ పోవడానికి మూట కట్టుకుంటోంది. వాన ఆగలేదు. గడ్డపార గోడ వెనక దొరికింది. తుప్పు రుద్దాను. రేపు పొద్దున ఐలవ్వ ఇంటికి పోయి గోడ తవ్వుతాను.