పొట్టి గాల్లో ఉన్న ఫోటో

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు చివర్లో, మిగిలితే. ముందు ఇది చదువు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, ఫోన్లో నేను గొంతు పెంచగానే నీకు సిగ్నల్ పోతుంది. ఉత్తరానికి ఆ సౌకర్యం లేదు. పైగా నువ్వు పంపిన కెమెరా వెలగబెట్టిన ఘనకార్యాలు అచ్చు వేయించి ఇందులో పెడుతున్నాను. కళ్ళారా చూడు.

పొట్టి అని పిలిచినందుకు పగబట్టినట్టు పెరిగి, గుమ్మాలకి తల తగిలించుకుంటున్న నీ మేనకోడలు కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులోకి వచ్చిందని ముచ్చటపడి కెమెరా పంపావు. "కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇదే మంచిది బావగారూ" అన్నావు. పత్రికకి ఆటల ఫోటోలు తీసేవాడివి కదా అని నమ్మాను. మొదటి ఆటకి వెళ్ళాను. అది హాలు కాదు, గోదాము. దీపాలు ఎక్కడో కప్పుకి వేలాడుతున్నాయి, వెలుగు కిందికి దిగడానికి బద్ధకిస్తోంది. అందుకని ఫ్లాష్ వేశాను. అప్పుడు పొట్టి జట్టు పిల్ల ఒకతి బుట్టకి గురిపెట్టి నిలబడి ఉంది. బంతి వెళ్ళి వెనక గోడకి తగిలింది. రెఫరీ ఈల ఊది ఆట ఆపి, మైకులో "నీలం చొక్కా పెద్దమనిషి గారూ, ఇక్కడ ఫ్లాష్ వాడకూడదు. ఆడేవాళ్ళ కళ్ళు బైర్లు కమ్ముతాయి" అన్నాడు. హాలంతా నీలం చొక్కా కోసం వెతికింది. నేనూ వెతికినట్టు నటించాను.

ఫ్లాష్ తీసేశాక వచ్చిన ఫోటోలు ఇవి. బొగ్గు గనిలో నల్ల గేదె. ఇలాంటి సరుకు సొంత బావకి అంటగట్టడానికి మనసెలా ఒప్పింది?

ఆశీస్సులు మిగల్లేదు.

నీ బావ

తా.క.: తమ్ముడూ, అక్కని. మీ బావ అంటించేలోగా కవరు లాక్కుని రాస్తున్నాను. ఆ నల్ల ఫోటోల్లో అన్నిటికంటే నల్లగా ఉన్నవి లెన్స్ మూత తీయకుండా తీసినవి. ఈ సంగతి మీ బావకి నేనింకా చెప్పలేదు. నువ్వే చెప్పు, నేను ఈ ఇంట్లో ఉండాలి.

---

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. కెమెరాకి ఏ రోగమూ లేదు. రెఫరీ చెప్పింది న్యాయం. చీకటి హాల్లో ఫ్లాష్ లేకుండా తీయడమే అసలు పని. ఎలాగో రాస్తాను, కోపం పక్కనపెట్టి చదవండి.

లెన్సుకి ఒక కన్ను ఉంటుంది. చీకట్లో పిల్లి కన్నులా దాన్ని వీలైనంత పెద్దగా తెరవాలి. కెమెరాలో ఎఫ్ పక్కన కనబడే అంకె ఎంత చిన్నదైతే కన్ను అంత పెద్దది. మీ లెన్సు చిన్న రకం. జూమ్ చేసి దూరాన్ని దగ్గరికి లాగితే ఆ కన్ను ముడుచుకుపోతుంది. కాబట్టి జూమ్ చేయకండి, మీరే దగ్గరికి వెళ్ళండి. షట్టర్ సెకనులో ఐదొందలో వంతు పెట్టండి, అప్పుడే పరుగు నిలుస్తుంది. ఇక ఐ.ఎస్.ఓ. అని ఒకటుంది, అది పెంచితే తక్కువ వెలుతురులోనూ కెమెరాకి చూపు ఆనుతుంది. ఫోటోలో ఇసుక చల్లినట్టు కాస్త గింజలు పడతాయి, పర్వాలేదు.

పొట్టికి ముద్దులు. అక్కకి దండాలు.

మీ బావమరిది

తా.క.: ఆట మొదలవగానే లెన్స్ మూత జేబులో వేసుకోండి. ఇది మామూలుగా అందరికీ చెప్పే సలహా. మీ గురించి ఎవరూ నాకేమీ చెప్పలేదు.

---

మహారాజశ్రీ బావమరిది గారికి,

దండం. రెండు చేతులా పెట్టలేను, ఒక చెయ్యి ముక్కు మీద ఉంది.

దగ్గరికి వెళ్ళమన్నావు. వెళ్ళాను. బుట్ట కింద, గీత పక్కన చతికిలబడ్డాను. పెళ్ళిపందిట్లోనూ ముందు వరసలో కూర్చోనివాణ్ణి! ఎదుటి జట్టులో ఒక మహాతల్లి ఉంది, మన పొట్టినే వంగి చూస్తుంది. బంతి కోసం దూకి నేరుగా నా ఒళ్ళో పడింది. "సారీ అంకుల్" అని లేచి పోయింది. నేను లేవలేకపోయాను. లేచేసరికి బంతి వచ్చి ముక్కుకి తగిలింది. రెఫరీ వచ్చి చూసి "మళ్ళీ మీరేనా?" అన్నాడు. ఇంత ఆదరంగా నన్ను ఎవరూ గుర్తుపట్టలేదు.

ఇక నీ లెక్కలు. చిన్న అంకె అంటే పెద్ద కన్నట! నేను పేషెంటుతో "కొంచెం తెరవండి" అంటే నోరు బార్లా తెరవాలని అర్థమా? పళ్ళ డాక్టర్ని, రోజంతా జనం చేత పెద్దగా తెరిపించేవాణ్ణి, నాకు తెరవడం నేర్పుతావా? అయినా తెరిచాను. గింజలు పడతాయని నువ్వే రాశావు కాబట్టి ఆ ఐ.ఎస్.ఓ. జోలికి పోలేదు, మనకి శుభ్రమైన ఫోటోలు కావాలి. ఐదొందలో వంతు పెడితే మళ్ళీ చీకటే. పోనీలే అని కనికరించి ముప్పయ్యో వంతు పెట్టాను. వెలుతురు వచ్చింది. పొట్టికి నాలుగు చేతులూ వచ్చాయి. తల ఒకచోట, జడ మరోచోట. బట్టలు ఆరేసిన తీగ గాలికి ఊగినట్టుంది.

ఇవన్నీ నువ్వు కావాలనే చెప్పావు. మీ ఇంటి అల్లుణ్ణయినప్పటినుంచీ చూస్తున్నాను, నన్ను నలుగురిలో నవ్వులపాలు చేయడం మీ వంశానికి సరదా.

ఇట్లు, నవ్వులపాలైన

నీ బావ

తా.క.: తమ్ముడూ, మీ బావ రెండు ముక్కుపుటాల్లోనూ దూది పెట్టుకుని క్లినిక్‌కి వెళ్ళారు. తలుపు తీసిన ముసలాయన మీ బావని చూసి, తన పన్ను నొప్పి తగ్గిపోయిందని చెప్పి వెళ్ళిపోయాడట. వంశం సంగతి ఎత్తినందుకు రాత్రి పచ్చి మంచినీళ్ళు వడ్డించాను.

---

బావగారికి,

వంశం దాకా వెళ్ళారు కాబట్టి నమస్కారం కూడా కొలిచి పెడుతున్నాను.

నేను చెప్పినవాటిలో సగం చేసి, మిగతా సగానికి నన్ను తిడతారా? మీరు రాసిచ్చిన మందుల్లో చేదువి పారేసి, తియ్యటివి మాత్రం వేసుకుని, నొప్పి తగ్గలేదని మీ మీదికి ఎవరైనా వస్తే ఏమంటారు? గింజలున్న ఫోటో ఫోటోనే. నాలుగు చేతుల పొట్టి పొట్టి కాదు. ఐ.ఎస్.ఓ. పెంచండి. పెంచి తీరాలి. కన్ను పూర్తిగా తెరిచి, ఐదొందలో వంతు మీద చెయ్యి వేయకండి. ముప్పయ్యో వంతు కనికరం మీ కుర్చీలో కదలకుండా పడుకునేవాళ్ళకి.

ఇంకో మాట. బుట్టలో వేయడానికి ఎగిరిన మనిషి పైకి వెళ్ళాక, దిగబోయే ముందు రెప్పపాటు ఆగుతుంది. అక్కడ నొక్కాలి. అది ఎప్పుడొస్తుందో తెలియాలంటే ఆట తెలియాలి. ఒకరోజు కెమెరా ఇంట్లో వదిలేసి, ఊరికే ఆట చూసి రండి. ఎన్నాళ్ళుగా వెళ్తున్నా మీకు ఆట తెలిసినట్టు లేదు.

మీ బావమరిదే, ఏం చేస్తాం

తా.క.: ఒళ్ళో పడిన ఆ అమ్మాయి ఫోటో ఏమైనా తీశారా? అంత దగ్గరగా నాకెప్పుడూ దొరకలేదు.

---

ఓయ్,

నా కూతురి ఆట నాకు తెలియదా? బంతి బుట్టలో పడితే మనకి మంచిది, వాళ్ళు వేస్తే చెడ్డది. ఇంతకంటే తెలుసుకోవాల్సింది ఏముంది?

పైన ఆగుతుందన్నావు. మొన్నటి ఆటలో పొట్టి ఎగిరింది. నేను నొక్కాలి. ఆగలేదు, దిగిపోయింది. మళ్ళీ ఎగిరింది, మళ్ళీ దిగిపోయింది. మూడోసారి ఎగరగానే నాకు ఒళ్ళు మండి "ఆగవే పొట్టీ!" అని అరిచాను. హాలంతా వినబడింది. అది గాల్లోనే నా వైపు తిరిగి చూసింది. బంతి చేతిలోంచి జారి కోచ్ నెత్తిన పడింది. ఆట పోయింది. ఇంట్లో దాన్ని పొట్టి అంటారని జట్టులో ఎవరికీ తెలియదట, ఇప్పుడు అందరికీ తెలుసు.

ఇంటికొచ్చి "నాన్నా, ఇక నా ఆటకి రావద్దు" అంది. అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి, సరిపోయేది. మెల్లగా చెప్పి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఇదంతా నీ చలవ. నీ కెమెరా నీకు పార్సిల్ చేస్తున్నాను. నాకూ దానికీ రుణం తీరిపోయింది. నీకూ నాకూ కూడా.

ఇక సెలవు కాదు, ఇక శాశ్వత సెలవు.

తా.క.: తమ్ముడూ, పార్సిల్ విప్పి కంగారుపడకు. అందులో ఖాళీ పెట్టే ఉంటుంది. కెమెరా మీ బావ దగ్గరే ఉంది. ఇంట్లో ఫ్యాన్ తిప్పి, మంచం మీద వెల్లకిలా పడుకుని, తిరిగే రెక్కలు నిలిచేలా ఫోటోలు తీస్తున్నారు. ఒక రెక్క మీద దుమ్ము కూడా స్పష్టంగా వచ్చింది. దాన్ని తుడవలేదేమని నామీద ఎగిరారు. పని వస్తున్నట్టే ఉంది.

---

బావగారికి,

ఖాళీ పెట్టె అందింది. సంతోషం.

పొట్టికి ఫోన్ చేశాను. మీరు అరిచినందుకు దానికి కోపం లేదు. ఫోటోలు బాగా రానందుకూ కాదు. "మామయ్యా, నేను బంతి వేసి నాన్న వైపు చూస్తాను. నాన్న తల వంచుకుని కెమెరా వెనక తెర చూసుకుంటూ ఉంటాడు. ప్రతిసారీ అంతే. నేను వేసిన ఒక్క బంతీ నాన్న చూడలేదు" అంది. ఇది విన్నాక మీ మీద నాకు నిజంగా కోపం వచ్చింది. ఇప్పటిదాకా వచ్చింది ఉత్తుత్తిదే.

కప్పు తేలే ఆఖరి ఆటకి మిమ్మల్ని రానివ్వమని బతిమాలాను. ఒప్పుకుంది. నోరెత్తకూడదు. నొక్కాక తెర చూసుకోకూడదు. ఫోటోలెలా వచ్చాయో ఇంటికి వెళ్ళాకే చూడాలి.

చెప్పినట్టు వినండి, ఒక్కసారికి.

మీ బావమరిది

తా.క.: అక్కా, మీ ఆయన పక్కన కూర్చో. నోరెత్తితే గిల్లు.

---

బావమరిదికి,

మీ అక్క గిల్లిన చెయ్యి ఇంకా కమిలే ఉంది. జట్టు గెలిచింది. నేను కోపంతో కుతకుతలాడుతున్నాను. వరసగా చెబుతాను.

చెప్పినట్టే విన్నాను. కన్ను పూర్తిగా తెరిచాను, ఐదొందలో వంతు, గింజలు ఎన్ని పడితే అన్ని. తెర చూసుకోలేదు. చూడ్డానికి వేరే ఏమీ లేకపోవడంతో ఆట చూశాను. పొట్టి ఎగరబోయే ముందు ఎడమ భుజం కిందికి దించుతుంది, నీకు తెలుసా? ఇన్నాళ్ళూ నాకు తెలియదు. చివరి నిమిషంలో ఎదుటి జట్టు, అదే ఆ మహాతల్లి జట్టు, ఒక్క పాయింటు పైన ఉంది. భుజం దిగింది. నేను ఊపిరి బిగబట్టాను. ఎగిరింది. నువ్వు చెప్పిన ఆ రెప్పపాటు ఆగింది, నిజంగానే! నొక్కాను. బంతి పడింది, ఆట అయిపోయింది, కప్పు మనది. పొట్టి నా వైపు చూసింది. నేనూ చూశాను. ఏడ్చానని మీ అక్క రాస్తుంది, నమ్మకు.

ఇంటికొచ్చి ఫోటో పెద్దది చేసి, అచ్చు తీసి చూశాను. అద్దంలా ఉంది. పొట్టి పక్కనే, ఆమధ్య నా ఒళ్ళో పడిన మహాతల్లి ఉంది, పై దవడలో ఒక దంతం పుచ్చిందని కూడా కనిపిస్తోంది. అంత స్పష్టం! నోరు ఎందుకు తెరిచిందా అని కిందికి చూశాను. పొట్టి ఎడమ చెయ్యి ఆ పిల్ల చొక్కాని పిడికిట్లో బిగించి వెనక్కి లాగుతోంది. రెఫరీ అవతలి వైపున్నాడు, చూడలేదు. చూసింది నా కెమెరా ఒక్కటే.

బావమరిదీ, స్పష్టంగా తీయడం ఎలాగని ఇన్నాళ్ళూ నీ ప్రాణం తీశాను. ఆ రాత్రి మాత్రం, వచ్చిన ఫోటోని మసకబార్చడం ఎలాగో నీకు రాసి అడుగుదామని కాగితం తీశాను. మీ అక్కకి "ఈసారీ పాడైంది" అని చెప్పి ఫోటో దిండు కింద పెట్టాను. పొట్టి వచ్చి, అంచు బయటికి కనబడుతుంటే దిండు ఎత్తి చూసింది.

"నువ్వే తీశావా?" అంది.

"ఆఁ."

"చాలా బాగా వచ్చింది నాన్నా." తర్వాత మెల్లగా, "లాగానని నాకు తెలుసు. ఎవరూ చూడలేదనుకున్నాను" అంది.

"చింపేస్తాను, ఎవరికీ తెలియదు" అన్నాను. అంతే, నా మీద విరుచుకుపడింది. "చింపితే నేను లాగనట్టా?" అంది. నేనూ ఊరుకోలేదు. నీకు పిచ్చా, గెలిచిన కప్పు, జట్టంతా నిన్ను తిడుతుంది అన్నాను. ఇద్దరం వీధి మేలుకునేలా అరుచుకున్నాం. తెల్లారి అది ఫోటో పట్టుకెళ్ళి కోచ్ ముందు పెట్టింది. జట్టు ఒకరోజంతా దానితో మాట్లాడలేదు. మర్నాడు అందరూ కలిసి వెళ్ళి కప్పు అవతలి కాలేజీకి ఇచ్చి వచ్చారు.

నాకు ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. ఫోటో బాగా రానప్పుడు నిన్ను తిట్టుకునేవాణ్ణి. ఇప్పుడు బాగా వచ్చింది, ఎవర్ని తిట్టాలి? అందుకని అలవాటు కొద్దీ నీకే రాస్తున్నాను. నీ కెమెరా మంచిది. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు.

నీ బావ

తా.క.: తమ్ముడూ, ఏడ్చారు. ఆ మహాతల్లి, కప్పుతో పాటు వీళ్ళు చూపించిన ఫోటోలో తన పన్ను చూసుకుని మన క్లినిక్‌కే వచ్చింది. మీ బావ పన్ను బాగుచేస్తూ, పళ్ళు సరిగా చూసుకోనందుకు మందలిస్తుంటే, పొట్టి బయట బల్ల మీద కూర్చుని ఆ పిల్ల కోసం ఎదురుచూసింది. ఆ ఫోటో పరపరా చింపేస్తానన్న మనిషే దానికి పెద్ద పటం కట్టించి, కుర్చీకి ఎదురుగా గోడకి తగిలించారు. నోరు తెరుచుకుని పడుకున్న ప్రతి పేషెంటుకీ చూపించి, "ఆ చొక్కా పట్టుకు లాగుతున్నది మా అమ్మాయే" అని చెబుతున్నారు.