అసలు తొగ్జాన్ నేనేనని మనవి

గౌరవనీయులైన వినియోగదారుల నష్టపరిహార కమిషనర్ గారి సముఖమునకు,

తరాజ్ బజారు పాల వరుసలో కుర్త్ అనబడు ఎండు పెరుగు ఉండలు అమ్ముకొను తొగ్జాన్, ఒతెబాయ్ కూతురు, వ్రాసుకొను అర్జీ.

విషయం: నా పేరు నాకు తిరిగి ఇప్పించుట మరియు దొంగ గుమ్మం ముందు కట్టేసిన కాపలా కుక్కను విప్పించుట గురించి.

అయ్యా,

నేను ఫోన్లో కొడుతున్నాను. వేళ్ళకి ఎండు పెరుగు పొడి అంటుకుని ఉంది, అక్షరాలు అటూ ఇటూ అయితే మన్నించండి. బేరం వస్తే ఆపుతాను, పోయాక మళ్ళీ మొదలెడతాను. అర్జీ అంటే అంకెలు వేసి రాయాలని పక్క కొట్టు జాకెన్ చెప్పింది. వేస్తున్నాను.

1. అక్ సండిక్ వారి యాప్ తమరికి తెలిసిందే. ఆ పేరుకి అర్థం తెల్లపెట్టె. బజారు మొత్తం అందులోనే డబ్బు పుచ్చుకుంటుంది, అందులోనే సరుకు పెట్టి అమ్ముకుంటుంది. చేరేటప్పుడు వాళ్ళు అడిగినవన్నీ ఇచ్చాను. పుట్టినరోజు, గుర్తింపు కార్డు, ఇంటి చిరునామా, ముఖం అటు తిప్పి ఇటు తిప్పి ఫోటోలు. పెళ్ళికి ముందు మా అత్తగారు కూడా నన్ను ఇంతలా చూడలేదు.

గడిచిన వసంతంలో ఆ పెట్టె పగిలి లక్షలమంది వివరాలు వీధిన పడ్డాయి. ఈ కబురు నాకు కంపెనీ చెప్పలేదు. ఫోన్లు బాగుచేసే మెయిర్‌మాన్ చెప్పాడు.

"ఆపా, మిమ్మల్ని అమ్మకానికి పెట్టారు, చూశారా?"

"ఎంతకి?"

"మిమ్మల్ని విడిగా ఇవ్వరు ఆపా. వెయ్యిమందిని గంపగుత్తగా ఇస్తారు. మనిషికి లెక్కేస్తే మీ కుర్త్ ఉండ ఒకటి రాదు."

నేనింతకాలం నా విలువ కాస్త ఎక్కువే అనుకుంటూ వచ్చాను. మార్కెట్ ధర తెలిసింది, సంతోషం. కంపెనీ వారి క్షమాపణ ఎండాకాలంలో వచ్చింది. "మీ నమ్మకమే మా ఆస్తి" అని మొదలుపెట్టారు. పోయినవాటిలో ఆ ఆస్తి కూడా ఉందో లేదో రాయలేదు.

2. నష్టపరిహారం కింద రెండు దయచేశారు. మొదటిది, వాళ్ళ దగ్గరే వాషింగ్ మెషీన్ కొంటే ధరలో తగ్గింపు. గొర్రె పోయిందని ఏడిస్తే, మా దగ్గర గుర్రం కొను, జీను మీద తగ్గిస్తాం అన్నట్టు. రెండోది, ఏడాదిపాటు నా పేరుకి ఉచిత కాపలా. ఆ కాపలాకి తోబెత్ అని మన మందల్ని కాసే కుక్క పేరు పెట్టారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని వినడమే కానీ, ఆ కుక్కని కానుకగా పంపిస్తారని ఇప్పుడే తెలిసింది.

సరే, ఊరికే వచ్చే కుక్క కదా అని చూశాను. అది మనింటికి రావాలంటే మళ్ళీ కార్డు ఇవ్వాలి, మళ్ళీ ముఖం చూపించాలి, ఈసారి అదనంగా గొంతు కూడా ఇవ్వాలి. పెట్టె పగిలిందమ్మా, క్షమించు, ఇంట్లో మిగిలిన నగలు కూడా ఇందులోనే వెయ్యి అన్నమాట.

వీటన్నిటి మీద ఒక రహస్య ప్రశ్న. "మీ ఏడుగురు తాతతండ్రుల పేర్లు వరుసగా చెప్పండి." మన సంప్రదాయానికి తగిన భద్రత అని ప్రకటన కూడా వేశారు. అయ్యా, మన దగ్గర ఆ ఏడు పేర్లు రహస్యమా? విందులో పక్కన కూర్చున్నవాడు టీ గిన్నె అందుకోకముందే అడిగేది అదే కదా. పాకే వయసు దాటిన ప్రతి పిల్లా మిఠాయి ముక్క కోసం వాటిని గడగడా అప్పజెబుతుంది. మా వంశం వాళ్ళు పోయినసారి పెద్ద విందు చేసినప్పుడు వంశవృక్షం అచ్చువేసి పంచారు, ఇంటర్నెట్లో పెట్టారు. బజారు టీ కొట్టు గోడ మీద కూడా ఉంది, ఆవిరికి కింద అంచు ముడుచుకుపోయింది. ఈసారి ఆడపిల్లల పేర్లు కూడా చేర్చామని చెబితే అందరం చప్పట్లు కొట్టాం. నేను అందరికంటే గట్టిగా కొట్టాను. ఈ రహస్య ప్రశ్న కనిపెట్టిన ఇంజనీరు గారు తన ఇంటి తాళంచెవిని గుమ్మానికే మేకు కొట్టి తగిలిస్తారా అని కనుక్కోగలరు.

3. నేను ఆలోచిస్తూ ఉండగానే, నా వివరాలు కొనుక్కున్న పుణ్యాత్ముడెవరో నా పేరుతో ఆ కుక్కని తోలుకుపోయాడు. తర్వాత నేను చేరబోయి ఏడు పేర్లూ చెబితే యాప్ తలుపు తీయలేదు. నా ఖాతా కూడా మూసేసింది. కొట్టు జాకెన్‌కి అప్పజెప్పి అక్ సండిక్ ఆఫీసుకి వెళ్ళాను. కిటికీలో ఇంకార్ అనే అమ్మాయి కూర్చుంది. మంచి పిల్ల, నాకు మంచినీళ్ళు కూడా ఇచ్చింది.

"ఆపా, ఏడుగురిలో మొదటిదే, మీ తండ్రి పేరే తప్పు చెప్పారు."

"నా తండ్రి పేరు నేను తప్పు చెప్పడమేంటి తల్లీ? నీ చేతిలో ఉన్న నా కార్డు మీద ఏముంది?"

"ఒతెబాయ్ అని ఉంది."

"నేనేం చెప్పాను?"

"ఒతెబాయ్ అనే చెప్పారు."

"మరి?"

"వంశవృక్షంలో తుర్లీబెక్ అని ఉంది ఆపా. కంపెనీ ఇప్పుడు దాంతోనే సరిచూస్తోంది. అసలు తొగ్జాన్ కరెక్టుగా చెప్పారు."

"అసలు తొగ్జానా! ఏదీ, దాని గొంతు వినిపించు."

వినిపించింది. అయ్యా, అది మగ గొంతు. నా ఏడుగురు తాతతండ్రుల్ని వాడు బస్సు స్టాపుల పేర్లు చదివినట్టు చదివాడు.

"ఇది మగాడమ్మా!"

ఇంకార్ తెర వైపు వంగి చూసింది. "ఆ రోజు మీకు జలుబు చేసిందని రాసుంది ఆపా."

అంటే ముఖం నాది, గొంతు వాడిది, తండ్రి టీ కొట్టు గోడ మీది. ఇలా అతుకులేసి కుట్టిన మనిషి అసలుది. ఒక్క ముక్కగా పుట్టిన నేను నకిలీ.

4. తమరికి చెప్పనక్కర్లేదు, కంప్యూటరుకి తెలియదు గనక రాస్తున్నాను. నేను మా ఇంట్లో మొదటి సంతానాన్ని. మొదటి బిడ్డని తాతా నానమ్మల ఒడిలో పెట్టడం మనకి వింత కాదు, తమరి బంధువుల్లోనూ ఎవరో ఒకరు ఉండే ఉంటారు. నన్ను కన్నది తుర్లీబెక్. పెంచుకున్నది ఆయన తండ్రి ఒతెబాయ్. పాలు మాన్పించగానే తీసుకెళ్ళి సొంత కూతురుగా కార్డులో రాయించాడు. ఆయన్నే నాన్నా అన్నాను, ఆయన చెప్పిన ఏడు పేర్లే నేర్చుకున్నాను. కన్న తండ్రిని ఆఘా అంటాను, అన్నయ్య అని. కన్నతల్లిని వదినా అని పిలిచాను. ఆయన నన్ను చెల్లీ అంటాడు. అందువల్ల నా వరుస వంశవృక్షం కంటే ఒక మెట్టు జరిగింది. ఒక మెట్టు జరిగితే ఏడూ తప్పే. దొంగ గోడ మీద చూసి చదివాడు, పాసయ్యాడు. నేను పెరిగిన ఇంట్లో నేర్చుకున్నది చెప్పాను, ఫెయిలయ్యాను.

5. ఆ కుక్క గురించి ఒక మంచి మాట కూడా చెప్పాలి. నిద్రపోదు. నేను ఖాతా తెరవబోయిన ప్రతిసారీ దొంగకి కబురు పెడుతుంది: "జాగ్రత్త తొగ్జాన్ గారూ, తరాజ్ బజారులో అనుమానాస్పద వ్యక్తి మీ పేరు వాడబోతోంది." ఆ అనుమానాస్పద వ్యక్తికి ఈ అర్జీతో పాటు నమస్కారాలు.

వాడు ఊరుకున్నాడా? నా ఫోటో పెట్టి, పక్కన కుక్క తల ముద్ర వేయించుకుని, యాప్‌లో కుర్త్ కొట్టు తెరిచాడు. ముందే డబ్బు పుచ్చుకుంటాడు, సరుకు పంపడు. జనం నా మీదికి వస్తున్నారు. మొన్న ఒకావిడ నా కొట్టు ముందు నిలబడి వరుస మొత్తానికి వినపడేలా మొదలెట్టింది.

"ఏమే, ఒతెబాయ్ పేరు చెప్పుకుని బతుకుతున్నావు, సిగ్గు లేదూ? విందుకి కావాలని నెల ముందు డబ్బు కట్టాను!"

"అక్కా, అది నేను కాదు."

"మొహం నీదే కదే!"

"మొహం నాదే అక్కా. మనిషి వేరు."

"ఇంకా నయం, కుర్త్ కూడా వేరు అనలేదు!"

కుర్త్ తూచి ఇచ్చి పంపాను. ఏం చేయను? ఆ పేరు మీద మా నాన్న బతికినంతకాలం ఎవరూ తూకం మళ్ళీ వేసి చూసుకోలేదు. ఇప్పుడు చూసుకుంటున్నారు. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే కొట్టు మూసుకోవాలి. పేరు పోయాక కొట్టెందుకు?

6. ఇంకార్ పై వాళ్ళని అడిగి దారి కనిపెట్టింది. కన్న తండ్రి స్వయంగా వచ్చి, మైకులో "ఈమె నా కూతురు" అని చెబితే చాలట. నన్ను తుర్లీబెక్ కూతురుగా మార్చి, ఖాతా తెరిచి, దొంగని గెంటేస్తారట. మా ఆఘాకి ఎనభై దగ్గర పడింది. పల్లె నుంచి బస్సులో వచ్చాడు. విందులకి తీసే గొర్రెతోలు టోపీ పెట్టుకొచ్చాడు.

"ఆతా, ఈవిడ మీకు ఏమవుతారు?" అని అడిగింది ఇంకార్.

"చెల్లెలు."

"ఒకసారి ఆలోచించి చెప్పండి ఆతా. రక్తం ప్రకారం?"

"రక్తం సంగతి డాక్టర్ని అడుగు. నువ్వు వరస అడిగావు, చెప్పాను."

"ఒక్కసారి కూతురు అనండి ఆతా, రికార్డవుతుంది. ఆపాకి పేరు వచ్చేస్తుంది."

ఆఘా టోపీ తీసి కిటికీ మీద పెట్టాడు. "అమ్మాయ్, ఈ పిల్లని మా నాన్న ఒళ్ళో నా చేతులతో పెట్టాను. ఇచ్చిన గుర్రాన్నే తిరిగి అడగం. ఇప్పుడాయన లేడు కదా అని పిల్లని అడుగుతానా?"

వెనక వరుసలోంచి ఎవరో, "బాగా చెప్పావు పెద్దాయనా!" అన్నారు. ఇంకొకాయన, "బాగానే చెప్పాడు, మా వంతు ఎప్పుడొస్తుంది?" అన్నాడు. తెర మీద వచ్చింది: "సంబంధం సోదరి. దరఖాస్తు తిరస్కరించబడినది."

అయ్యా, ఇక్కడ అంకె వెయ్యడం లేదు. ఇది ఫిర్యాదు కాదు.

నేను ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళింది పేరు కోసమే కాదు. నాకు యాభై దాటాయి. వదిన పోయినప్పుడు వదినా, వదినా అనే ఏడ్చాను, ఇంకో మాట గొంతు దాకా వస్తే మింగేశాను. మైకు దగ్గర ఎర్రదీపం వెలిగేసరికి, ఈ వంకనైనా ఇంకార్ అడిగిన ఆ మాట ఆయన నోట ఒక్కసారి వింటాననుకున్నాను. వినలేదు. ఆయన చెప్పిందే సరి, అది నాకూ తెలుసు. బస్సెక్కేటప్పుడు నా చేతిలో పొద్దుతిరుగుడు గింజల పొట్లం పెట్టాడు, చిన్నప్పుడు పెట్టినట్టే. దారి పొడుగునా ఒలుచుకుంటూ కొట్టుకి వచ్చాను. ఈ పాటి ఆశ పుట్టించినందుకు అక్ సండిక్ వారు ఛార్జీ వెయ్యలేదు, అందుకు కృతజ్ఞురాలిని.

కావున తమరు దయతలచి, నా పేరు నాకు ఒతెబాయ్ కూతురుగానే తిరిగి ఇప్పించవలెను. ఆ జలుబు తొగ్జాన్ గుమ్మం నుంచి కుక్కని విప్పించవలెను. వాడికి డబ్బు కట్టి మోసపోయినవాళ్ళకి కంపెనీ చేతే కట్టించవలెను, ఎందుకంటే ముద్ర వేసింది వాళ్ళు, తూచి ఇస్తున్నది నేను. ముసలాయన్ని మళ్ళీ కిటికీ దగ్గరికి పిలవకూడదు. వాషింగ్ మెషీన్ తగ్గింపు తమరే ఉంచుకోండి.

రుజువు కావాలంటే ఒక ఉపాయం ఉంది. వాణ్ణీ నన్నూ పక్కపక్కన కూర్చోబెట్టి చెరో గిన్నె వడగట్టిన పెరుగు ఇవ్వండి. నన్ను పెంచిన అమ్మ నేర్పినట్టు పిడికిట్లో నొక్కి చేసిన ప్రతి ఉండ మీదా నా వేళ్ళ గుర్తులు ఉంటాయి. వేలిముద్రలు ఎన్ని కావాలో చెప్పండి, కిలోల లెక్కన పంపుతాను.

పై సంగతులు చిత్తగించవలెను. చిత్తగించే ముందు ముఖం, గొంతు మళ్ళీ పంపమని మాత్రం సెలవియ్యవద్దు, నా దగ్గర ఇక మిగల్లేదు.

ఇట్లు, కుక్క ఒప్పుకోకపోయినా,
తమ విధేయురాలు,
తొగ్జాన్, ఒతెబాయ్ కూతురు
పాల వరుస, తరాజ్ బజారు

తా.క.: నిన్న ఇంతవరకు కొట్టి, పంపకుండా కొట్టు సర్దుతుంటే ఆఘా పల్లె నుంచి మళ్ళీ వచ్చాడు. బకెట్ బోర్లించుకుని కూర్చుని టీ తాగాడు.

"కోపమొచ్చిందా చెల్లీ?"

"నాకెక్కడి కోపం ఆఘా? నేను కోపగించుకుంటే అది కూడా వాడి ఖాతాలోకే పోతుంది."

నవ్వాడు. కుర్త్ సంచి మూతి కట్టడానికి ఇద్దరం వంగాం. అప్పుడన్నాడు, "ఆ యంత్రం అడిగింది, చెప్పలేదు. నువ్వు ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. అందుకే నీకు చెబుతున్నా." అని, నేను వినాలనుకున్న ఆ ఒక్క మాటతో, నా చెవి దగ్గర, నన్ను పిలిచాడు. వెంటనే మామూలుగా, "ఊఁ, కట్టు చెల్లీ, గట్టిగా కట్టు" అన్నాడు.

ఆ మాట ఇందులో రాయడం లేదు, మన్నించండి. నా వివరాలన్నిటిలో ఇంతవరకు ఎవరి చేతా పడనిది అదొక్కటే.