అరుపుల సంచి

మా పిడుగుకి,

అక్క ముద్దులు. ఉన్ని మేజోళ్లు పంపాను, ఈసారైనా పేకాటలో పోగొట్టుకోకు. ఇక్కడ నేనూ మా పై అధికారీ ఉప్పూ నిప్పులా ఉన్నాం. డ్రోన్లను పడగొట్టే యంత్రం ఒకటి పరీక్షకు వచ్చింది. సంచిలా వీపుకి తగిలించుకుని మీట నొక్కితే చాలు, నెత్తిమీదికొచ్చిన డ్రోన్ దారితప్పి కూలిపోతుంది. మా మైదానంలో ఒక్కటీ తప్పించుకోలేదు. కంపెనీ పెద్దమనిషి పొంగిపోయి అందరికీ మిఠాయి పంచాడు. నేను మాత్రం తీసుకోలేదు.

ఎందుకంటే పనిచేస్తున్నంతసేపూ అది గొంతు చించుకుని అరుస్తుంది. మన చెవికి వినపడదు గానీ, ఆ అరుపు ఎక్కణ్నుంచి వస్తోందో అవతలివాళ్ల రేడియో పరికరాలు ఇట్టే పట్టేస్తాయి. సరిగ్గా అక్కడే ఫిరంగి గుండు వేస్తారు. "మన మైదానంలో అవతలివాడే లేడు, ఇదేం పరీక్షండీ?" అన్నాను. "డ్రోన్ పడిందా లేదా? అంతవరకే మన పని. పాసైందని సంతకం పెట్టమ్మా," అన్నాడు మా అధికారి. పెట్టను. ఉద్యోగం పోతే పోయింది, నీ వీపుకి దాన్ని తగిలించలేను.

నీ అక్క

అక్కకి,

మేజోళ్లు అందాయి. నీ మీద మాత్రం ఒళ్లు మండిపోతోంది. సంతకం ఆపింది నువ్వేనని ఇక్కడ అందరికీ తెలుసు. "మీ అక్కేగా" అంటూ నన్ను పీక్కుతింటున్నారు. మా దగ్గర ఏముందో తెలుసా? చేపల వల. డ్రోన్ వస్తే చిక్కుకుంటుందని అది కందకం మీద కప్పుకుని కూర్చుంటాం. నిన్న మా వంటవాడు నీళ్లకని బయటికెళ్తే డ్రోన్ వెంటపడి కాసేపు ఆడుకుంది. వాడు అలసి కూలబడ్డాక మీదపడి పేలింది. మేం చూస్తూ కూర్చున్నాం. నువ్వేమో అక్కడ కుర్చీలో కూర్చుని మంచీ చెడ్డా తేలుస్తున్నావు. నేను బతకాలని ఉంటే సంతకం పెట్టు. లేదంటే ఇక ఉత్తరాలు రాయకు.

నీ తమ్ముడు

మా పిడుగుకి,

పెట్టాను. ఒక్కటే అడుగుతున్నా, ఒట్టేసి చెప్పు: దాన్ని నువ్వు మాత్రం మొయ్యకు. ఇంకెవరికైనా ఇవ్వు.

అక్క

అక్కకి,

ఒట్టు నిలబెట్టుకున్నాను. నువ్వు చెప్పిందే నిజం, ఆన్ చేయగానే గుళ్లు కురిశాయి. అందరూ నిన్ను తిట్టారు. నాకు మాత్రం బుర్ర వెలిగింది. అరిచిన చోటే గుళ్లు పడుతున్నప్పుడు, మేం లేని చోట అరిపిస్తే సరి! ముందు సంచిని ఊరికే ఎదుటి దిబ్బ మీద పెట్టి చూశాం. కదలడం లేదని అవతలివాళ్లు పసిగట్టి వదిలేశారు. మనిషి వీపున ఉండి కదులుతుంటేనే నమ్ముతున్నారు. అందుకని కొత్తగా వచ్చినవాళ్లకి ఇచ్చి పంపిస్తున్నాం. "ఇది ఉంటే డ్రోన్లు నీ జోలికి రావు" అంటాం. అబద్ధం కాదుగా. గుళ్లన్నీ అటు పడతాయి, మేం ఇటు ముందుకెళ్తాం. కమాండర్ నా భుజం తట్టాడు.

మొన్న వెళ్లినవాడు దర్జీ. నా కోటు చెయ్యి చిరిగితే అతనే కుట్టిచ్చాడు. రెండో గుండుకే సంగతి అర్థమై మీట ఆపేశాడు. గుళ్లు మా మీదికి మళ్లి ఇద్దరు పోయారు. తర్వాతివాడికి మీట మీద టేపు చుట్టాం, సంచే విసిరేసి పరుగెత్తాడు. ఒక్క సాయం చెయ్యక్కా. వచ్చే విడతలో మీట మోసేవాడి చేతికి అందని చోట పెట్టించు. బెల్టుకి తాళం పెట్టించు.

నీ పిడుగు

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివాను. నేను ఎత్తుకుని తిప్పినవాడివేనా నువ్వు? ఆ దర్జీకి అక్క లేదా? అంతా ఆపిద్దామని ఉత్తరం తీసుకెళ్లి పై అధికారికి చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, "ఇన్నాళ్లకి దీని అసలు ఉపయోగం తేలింది" అని కంపెనీవాళ్లను పిలిపించాడు.

తాళం బెల్టు తయారై వచ్చింది. వేసుకుని చూడడానికి ఎవరూ ముందుకు రాకపోతే నేనే తగిలించుకున్నాను. ఎంత గింజుకున్నా ఊడలేదు. మీటకి చెయ్యి అందలేదు. ఆ కంపెనీ పెద్దమనిషి తాళం తీసేదాకా మైదానంలో ఏడుస్తూ తిరిగాను. తర్వాత లోపలికెళ్లి, మొహం కడుక్కుని, బాగా పనిచేస్తోందని రాసి సంతకం పెట్టాను.

నువ్వు బతికి రావాలి. వచ్చాక మాత్రం నా గుమ్మం తొక్కకు.

అక్క