నువ్వు వెయ్యని ఆఖరి రీలు

ఒరేయ్ మస్తానూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. అన్నిటికన్నా గొప్ప సినిమా ఏదని మన మాచర్ల మేధావులు టీకొట్టు దగ్గర ఇవాళ కూడా కొట్టుకున్నారు. ఎప్పట్లాగే ఆ అన్నాచెల్లెళ్ల సినిమాయే గెలిచింది. కానీ నిన్న దాన్ని వీడియో పార్లరులో చూసొచ్చిన శీనయ్య ఒకటే గోల.

"వీడియోవోడు తగలేశాడ్రా! బతికిన పిల్లని చంపేసేదేంది?"

తూ, వీళ్ల మొహాలకు సినిమాలొకటి! మన హాల్లో ప్రొజెక్టరు నడిపిన నువ్వు ఆఖరి రీలు ఒక్క ఆటకూ వెయ్యలేదని, చెల్లెలు ఆసుపత్రిలో కళ్లు తెరవగానే గాజుపలక మీద రాసిన "శుభం" వేసేవాడివని, గేటు దగ్గరుండే నాకు తప్ప ఎవడికీ తెలియదు. మీ చెల్లి ఫాతిమా చనిపోయిన నెలలోనే కదా ఆ సినిమా వచ్చింది.

నిన్న నేనూ వీడియోకు వెళ్లాను. ఆ పిల్ల కళ్లు తెరవగానే లేచి వచ్చేశాను.