బావకు వడ్డించిన ఫీజు

ఈరోజు నీ సంవత్సరీకం పెట్టాం. నీకు చెప్పాల్సింది ఒకటుంది.

నువ్వు కువైట్ నుంచి క్రిప్టోలో పంపిన డబ్బును మీ అన్న ప్రొద్దుటూరులో మార్చి నాకిచ్చేవాడు. ఎక్కువ పంపితే, పంపినందుకు పడే నెట్‌వర్క్ ఫీజు కూడా ఎక్కువని చెప్పి కోసుకునేవాడు. నువ్వు నమ్మి, ఆ కోత పూడ్చడానికి ఓవర్‌టైం చేశావు. మొన్న నీ ఫోన్‌లో మిగిలిన క్రిప్టోను నేనే నా ఫోన్‌కు పంపుకున్నాను. మొదట కొంచెం, తర్వాత మిగతాదంతా. రెండుసార్లూ ఫీజు ఒక్కటే, టీ ఖర్చంత.

భోజనాల దగ్గర, నేనెప్పుడూ ఎదుటపడి మాట్లాడని మీ అన్నకు నాలుగు వడలు వేసి, మూడు వెనక్కి తీశాను.

"ఏందిమ్మా, మళ్లా తీసుకుంటాండావు?"

"నెట్‌వర్క్ ఫీజు బావా. ఎక్కువ పెడితే ఎక్కువ పోతాదని నువ్వే చెప్తివి గదా!"

"అంటే ఏందిరా?" అన్నాడు మీ నాన్న, మీ అన్నతో. పంక్తి అంతా వినేటట్లు నేనే చెప్పాను.

మీ అన్న తినకుండానే లేచిపోయాడు. ఆ మూడు వడలూ నేను తిన్నాను.