బొటనవేలి నుంచి నాలుగో రంగు

మంగళవారం, ఉదయం తొమ్మిది

అక్కకు,

చెల్లి నమస్కారాలు. బావగారికి కూడా చెప్పు.

ఈ ఉదయం టీ గ్లాసు అందుకుంటుంటే నాన్న ఎడమ బొటనవేలి గోరు కనిపించింది. శుభ్రంగా ఉంది. ఆ గోటి కింద తెల్లరంగు లేకుండా నువ్వెప్పుడైనా చూశావా? నేను చూడలేదు.

ఉత్తరానికి ఒక వరుస ఉందని స్కూల్లో సిస్టర్లు నేర్పారు. ముందు నమస్కారం, తర్వాత క్షేమం, ఆ తర్వాత విశేషాలు, చివర మనవి. నాకు క్షేమం దగ్గరే పెన్ను ఆగిపోయింది. నాన్న తింటున్నారు, నడుస్తున్నారు. పదకొండు రోజులుగా కుంచె పట్టుకోలేదు.

ఎరుపు రంగు అయిపోయిందా, పంపాలా అని నువ్వు రెండు ఉత్తరాల్లో అడిగావు. ఇప్పుడు జవాబు రాస్తున్నాను.

నువ్వు పెళ్లయి వెళ్లాక ఇక్కడ రోజు పెద్దగా మారలేదు. ఆరింటికి టీ. నాన్న కాలవ గట్టు దాకా నడిచి వస్తారు. ఆలోగా నేను పాత ధాన్యపు కొట్టు తలుపు తీసి, ఉత్తరం వైపు కిటికీ తుడిచి, నాన్న రంగులు కలుపుకునే పలక మీద రంగులు పెడతాను. ఆ పని నీ నుంచి నాకు వచ్చిందే. ఎక్కాలకంటే ముందు మనకా వరుస వచ్చు. పలకలో బొటనవేలు దూర్చే కంత పక్కన తెలుపు, తర్వాత పసుపు, కావి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, చివర నలుపు. చిన్నప్పుడు నువ్వొకసారి నీలం ముందు పెడితే, చెప్పులు నెత్తిన పెట్టుకున్నట్టుందే అని నాన్న గుమ్మంలోంచే నవ్వారు, గుర్తుందా?

ఏడున్నరకి పాలావిడ వస్తుంది. పాలు పోసి, క్యాను గుమ్మంలో దించి, ముక్కాలిపీట మీద అరగంట కూర్చుంటుంది. ఈ చలికాలమంతా నాన్న ఆవిడ ముఖమే వేస్తున్నారు. కదలకమ్మా అంటే కదలదు గానీ నోరు ఆగదు. ఆవు తన్నిందనీ, మొగుడికి పొయ్యి రాజెయ్యడం కూడా చేతకాదనీ, బొమ్మలో నన్ను కాస్త సన్నగా వెయ్యండయ్యా, మీ సొమ్మేం పోయిందనీ. నాన్న నవ్వుకుంటూ వేసేవారు.

పదకొండు రోజుల కిందట, శుక్రవారం, నా చేతిలో పుస్తకం ఉంది. ఎరుపు చోట ఆకుపచ్చ, ఆకుపచ్చ చోట ఎరుపు పెట్టాను. నాన్న పలక అందుకున్నారు. బొటనవేలి నుంచి నాలుగో రంగులో కుంచె ముంచి, తెలుపుతో కలిపి, పాలావిడ బుగ్గల మీద నెమ్మదిగా వేస్తూ పోయారు. కిటికీ పక్కన పుస్తకం తెరిచి కూర్చున్నాను. ఒక్క పేజీ తిప్పలేదు. చెబుదామని ఒకసారి లేచి మళ్లీ కూర్చున్నాను. నా సంగతి నీకు తెలుసుగా, కోడిని అదిలించాలన్నా ముందు దగ్గుతాను. అరగంటకి నాన్న రెండడుగులు వెనక్కి వేసి, ఇన్నాళ్లకి ముఖంలో ప్రాణం వచ్చిందమ్మా అన్నారు.

పాలావిడ లేచి వచ్చి చూసింది. ఇదేంటయ్యా, చచ్చి మూడ్రోజులైనట్టున్నాను, బుగ్గలకి ఆకుపసరు పూశారేంటి, నీళ్లు కలిపానని కోపమా అంటూ పకపకా నవ్వింది. నాన్న నవ్వలేదు. కాన్వాసు దగ్గరగా ముఖం పెట్టి చూశారు. తర్వాత నా వైపు తిరిగారు. నేను తల దించుకున్నాను. ఆవిడకి అర్థమైంది కాబోలు, క్యానులో మిగిలిన పాలన్నీ మన గిన్నెలోకే వంచి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఆవిడ మాట్లాడకుండా వెళ్లడం అదే మొదటిసారి.

ఆరోజు కుంచెలు నాన్నే కడుక్కున్నారు, చన్నీళ్లలో, సబ్బుతో, ఒక్కొక్కటే. తర్వాత గుమ్మంలో కూర్చుని చెప్పారు. రెండేళ్లయిందట. వెలుగూ నీడా తెలుస్తున్నాయి గానీ రంగులన్నీ తడిసిన బూడిదలా ఒకటేనట. ట్యూబుల మీద అక్షరాలు అలుక్కుపోయి కనిపిస్తాయట. పట్నంలో కళ్లడాక్టరు ఇది ఆపరేషనుతో పోయేది కాదన్నారట. కాన్వాసు గుడ్డ కొనడానికి వెళ్లి ఉత్త చేతులతో వచ్చిన రోజు అదేనట. వరుస ఉంది కదా, దాన్ని నమ్ముకుని వేస్తున్నాను అన్నారు. మీ అక్కకి తెలిస్తే ఈ కొట్టుకి తాళం వేసి నన్ను పట్నం లాక్కుపోతుంది, అక్కడ కిటికీ తీస్తే పక్కింటి గోడ, రాయకే అన్నారు. రాశాను.

అప్పట్నుంచీ కాలవ దాకా వెళ్లి వస్తారు. కొట్టు గడియ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడతారు. మళ్లీ ఇంట్లోకి వస్తారు. పాలావిడ ఇప్పటికీ బొమ్మకి కూర్చోవడానికని తల దువ్వుకునే వస్తోంది. పచ్చగా ఉన్నా పర్లేదయ్యా, మా ఆయన ఎలాగూ నా ముఖం చూసి చావడు అని మొన్న గేటు దగ్గర్నుంచి అరిచింది. నాన్న టీ గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్లిపోయారు.

నిన్న నేనొక ఉపాయం చెప్పాను. ట్యూబులకి దారాలు కడతాను, ఎరుపుకి ఒక ముడి, ఆకుపచ్చకి రెండు, మీరే తడిమి చూసుకోవచ్చు అన్నాను. నాన్న తల అడ్డంగా ఊపారు. దారాలెందుకే పిచ్చిపిల్లా, నువ్వున్నావుగా అన్నారు. ఆరోజు పుస్తకంలో పడి ఏమరుపాటున పెట్టావు, నీకు ముందే చెప్పకపోవడం నా తప్పు, ఒకసారి పొరబడ్డ చెయ్యి మళ్లీ పొరబడదు, బుధవారం నుంచి రంగులు పెట్టు అన్నారు. నా చెయ్యి పట్టుకునే అన్నారు.

ఇక మనవి. ఎరుపు రెండు ట్యూబులు పంపు. నాన్నని తీసుకుపోవడానికి మాత్రం ఇప్పుడే రాకు. చూడ్డానికి వస్తే, నీకేమీ తెలియనట్టే ఉండు. ఆయన చూపించిన బొమ్మ చూసి బాగుందో లేదో నిజం చెప్పు. అబద్ధమాడితే ఆయన కనిపెట్టగలరు.

నీ
చెల్లి

తా.క. ఆ శుక్రవారానికి ముందు వారం నాన్న కావిరంగు మూత బిగించమని నల్లరంగు ట్యూబు నా చేతికిచ్చారు. కళ్లకేమైంది నాన్నా అని నాలుగు రోజులు అడగబోయి అడగలేకపోయాను. శుక్రవారం ఎరుపూ ఆకుపచ్చా తెలిసే మార్చి పెట్టాను.