బావ కూర్చున్న అరుగు

మాదాపూర్, 1998 నవంబరు, శుక్రవారం రాత్రి

వృద్ధుల ఆరోగ్య సర్వే కోసం ఇవాళ ఖాజాగూడలో నడక పరీక్ష పెట్టాం. వాకిట్లో ముగ్గుపిండితో రెండు గీతలు గీశాను. ఈ గీత నుంచి ఆ గీతకు ఎంతసేపట్లో నడుస్తారో చూడాలి. డెబ్బై దాటిన లచ్చమ్మ చకచకా బయలుదేరి, నడుమ టక్కున ఆగింది. కొంగు తలమీదికి లాక్కుని, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, గోడవారగా మెల్లగా కదిలింది.

"ఆగొద్దమ్మా, టైమవుతోంది!" అని అరిచాను.

"మా ఆయన అన్న అరుగుమీద కూసున్నడు బిడ్డా. బావ ముంగట గట్ల ఉరుకుతనా?"

"ఆయనకు చూపు లేదు కదమ్మా?"

"నాకున్నది గద!"

వాచీ లెక్కలో ఆమెది బలహీనమైన నడక. అదే రాసుకొచ్చాను గానీ మనసొప్పడం లేదు. రేపు ఆయన లేనప్పుడు మళ్లీ నడిపించాలా...

కడపలో జేజి, మా నాన్నమ్మ, గుర్తొచ్చింది. వాళ్ల బావగారు, అంటే మా పెద్దతాత, కూర్చునే అరుగు దగ్గర తనూ ఇట్లాగే కొంగు సర్దుకునేది. ఆయన పోయి అరుగు ఖాళీ అయ్యాక కూడా, అక్కడికి రాగానే జేజి నడక నెమ్మదించేది. మోకాళ్ల నొప్పులనుకుని అమ్మ రోజూ నూనె రాసేది. జేజి ఏనాడూ వద్దనలేదు.